కందకములలో పండుగ

1914వ సంవత్సరము సెప్టెంబరు చివరనుండి ఫ్రాన్సు దేశమున మార్సేల్సు రేవులో భారత సైనికులు ఓడలు దిగిరి. వారు లాహోరు, మీరట్టు దళములవారు. పంజాబు, గఢ్వాలు, నేపాలు మున్నగు సీమలలోని సేద్యపు కుటుంబములనుండి వచ్చినవారే వారిలో పెక్కుమంది. నెల తిరుగకముందే వారిని ఉత్తరమున బెల్జియము సరిహద్దు దెసకు, జర్మనులతో పోరు సాగుచున్న చోటికి, తరలించిరి. వారి మేనిపై నున్నవి మన ఎండలకు తగిన నూలుబట్టలు. అచటనో ఎడతెగని వాన, బురద, పిదప మంచు. కందకములలో మోకాలిలోతు నీరు నిలిచెడిది.

ఆలస్యముగానైనను ఉన్నిబట్టలు వచ్చినవి. కాని ఇంటిమీది బెంగకు మందేది? ఉన్న ఆధారము ఉత్తర మొక్కటే. అదియును సులభము కాదు. సిపాయిలలో చాలమందికి చదువు రాదు. అక్షరము తెలిసిన తోడివాని యొద్ద కూర్చుండి, ఒక్కొక్క మాటయు చెప్పి వ్రాయించుకొనవలెను. ఊరిలో దానిని మఱియొకరు చదివి వినిపించవలెను. నడుమ పటాలమున ఒక అధికారియు, బులోను పట్టణమున ప్రత్యేక కార్యాలయమువారును ఉత్తరములను పరీక్షించెడివారు. భార్యతో ఒక్క మాట చెప్పుకొనవలెనన్న, ఆ మాట ఇందరి చెవులు, కన్నులు దాటవలెను!

యుద్ధపు నష్టములు ఊళ్లకు తెలిసినచో క్రొత్తవారు సైన్యమున చేరరని ప్రభుత్వమునకు భయము. సిపాయిలును అమాయకులు కారు. నల్లమిరియములు తరిగిపోయినవి, ఇక ఎఱ్ఱ మిరపకాయలు వాడుచున్నారని ఇంటికి వ్రాసినవారు కలరు. నల్లమిరియములన భారత సైనికులు, ఎఱ్ఱ మిరపకాయలన తెల్లవారు. పరీక్షకులు ఈ గూఢభాషను కొంత గ్రహించిరి. గ్రహించి, ఇట్టి ఉత్తరముల భాగములను ఇంగ్లీషులోనికి తర్జుమా చేసి నివేదికలలో చేర్చిరి. ఆ నివేదికలు నేటికిని లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. ఊళ్లకు చేరిన కాగితములు ఎన్నడో చెదలపాలై యుండును. సిపాయి గుండె చప్పుడు మనకు వినిపించుటకు అతనిని అనుమానించినవాని దస్త్రమే కారణమగుట వింతయే కదా!

డిసెంబరు వచ్చెను, క్రిస్మసు సమీపించెను. బ్రిటిషు రాజకుమార్తె మేరీకి అప్పుడు పదునేడేండ్లు. సైనికులందరికిని పండుగనాటికి కానుక పంపవలెనని ఆమె పేర నిధి యొకటి అక్టోబరులో ప్రారంభమైనది. మూతపై ఆమె ముఖచిత్రము గల చిన్న ఇత్తడి పెట్టెలు సిద్ధమైనవి. బ్రిటిషు సైనికులకు పొగాకు, సిగరెట్లు. పొగ త్రాగనివారికి కాగితములు, పెన్సిలు. సిక్కులు పొగాకు ముట్టరు గనుక వారికి కలకండయు సుగంధద్రవ్యములును. గూర్ఖాలకు బ్రిటిషువారి కానుకయే. ఆ పండుగ తమది కాకున్నను, ఆ మంచులో ఏలకుల వాసన ఎవరికి ఇల్లు జ్ఞప్తికి తేదు?

24వ తేదీ రాత్రి కొన్నిచోట్ల జర్మనులు తమ కందకముల గట్లపై చిన్న చెట్లు నిలిపి క్రొవ్వొత్తులు వెలిగించిరి. పాటలు వినవచ్చినవి. మరునాడు ఇరుపక్షములవారును ఆయుధములు విడిచి నడిమినేలపై కలిసికొని, చేతులు కలిపి, చనిపోయినవారిని పాతిపెట్టుకొనిరి. గఢ్వాలు సిపాయిలును అందు పాల్గొనిరి. అన్నిచోట్ల ఇట్లు జరుగలేదు. ఆనాడును తుపాకులు ప్రేలిన తావులున్నవి. జరిగినచోటను శాంతి ఎంతోకాలము నిలువలేదు.

గాయపడినవారిని ఇంగ్లండులో బ్రైటను నగరపు రాజభవనమున నెలకొల్పిన ఆసుపత్రికి చేర్చిరి. అచట మతాచారముల ననుసరించి వేర్వేరు వంటశాలలు, నీటికొళాయిలు నుండెను. సౌకర్యములకు కొదువ లేదు. కాని కోలుకొనినవారిని ఇంటికి గాక మరల కందకములకే పంపుచుండిరి. సిపాయిలకు అన్నిటికంటె కష్టముగా తోచిన దిదియే. 1915 చివర పదాతిదళములు ఫ్రాన్సును వీడెను, ఊరికి గాదు, మెసపొటేమియా యుద్ధభూమికి. అశ్వదళములు 1918 వరకు అచటనే మఱి రెండు క్రిస్మసులకు పైగా గడపెను. సమాధి యెచటనో తెలియని నాలుగువేల ఏడువందలకు పైబడిన భారతీయుల పేర్లు న్యూవ్ షాపెల్ గ్రామమున 1927లో ప్రారంభింపబడిన స్మారకము గోడపై చెక్కబడి యున్నవి.