చవకలో వీణ

వీణ మోజు శ్రీమంతులకే చెల్లుతుందని నిట్టూర్చేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. లెక్చరరు జీతంలో మిగిల్చి నేను మూడు తంత్రీవాద్యాలు సమకూర్చుకున్నాను: ఏకతార, తంబురా, పాత వీణ.

పాత వీణ కొనేటప్పుడు మెరుగు చూడకండి, కర్ర చూడండి. 7 తీగలూ తెగినా బెంగలేదు, కొత్తవి వేయించవచ్చు. మైనం మెత్తబడి 24 మెట్లూ కదిలినా నేర్పరి తిరిగి నిలబెడతాడు. కుండకో దండికో బీట పడితే మాత్రం, ఎంత చవకైనా దణ్ణం పెట్టి వచ్చేయండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమాను తొలిచి వీణ చేస్తారు. వీణకు ప్రాణం ఆ కర్రే.

నేర్వడం ఏకతారతో మొదలుపెట్టండి. ఒక్క తీగ శ్రుతిలో చెవి నిలిస్తే ఏడు తీగలకు దారి దొరుకుతుంది. బేరంలో మిగిలిన సొమ్ము గురువుగారికి సమర్పించండి. గోడకు ఎన్ని వాద్యాలు వేలాడినా, వాయించేవారు లేని ఇల్లు మూగదే!