గాజుల చేతులు - మగవాడి సిగ్గు

"గాజులు తొడుక్కు కూర్చో" అన్న ఎత్తిపొడుపు మన పల్లెల్లో ఎంత మామూలో, అభ్యుదయ కవిత్వంలోనూ అంతే మామూలు. పిరికివాణ్ణి ఆడంగి అంటాం. ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని సామెత చెబుతాం. ఆడవాళ్ళ పనీ, తీరూ తనకు అంటుకుంటాయంటే మగవాడు ఎందుకింత కుంచించుకుపోతాడు? ఇది పుట్టుకతో వచ్చిన జంకని నేననుకోను.

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల తూర్పు భాగవతాన్నే తీసుకుందాం. సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్ళే కట్టారు. జడ వేసుకుని విరహం అభినయిస్తే ఊరంతా కూర్చుని మెచ్చింది. మద్దెల ఆగాక అదే నడక వీధిలో నడిస్తే నవ్వింది.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లును పెళ్ళాడతాడు. మా బడిలో ఈ నాటకం వేయించినప్పుడు శిష్యుడి పాత్రకు మగపిల్లలు పోటీపడ్డారు. బుచ్చమ్మ పాత్రకు ఒక్కడూ ముందుకు రాలేదు. కారణం స్పష్టమే. శిష్యుడు చీర విప్పి పారిపోగలడు. బుచ్చమ్మ తన వైధవ్యాన్ని విప్పి పారెయ్యలేదు. మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంట అడుగుపెడుతుంది. ఆమెకు మగవేషం ఒక మెట్టు ఎక్కడం. మగవాడికి ఆడతనం ఒక మెట్టు దిగడం.

ఆ మెట్టును కట్టింది శ్రమ విభజన. వంటకు పేరుపడ్డవాళ్ళు నలుడూ, భీముడూ. పెళ్ళిలో గాడిపొయ్యి దగ్గర కూలికి వండే మగవాడికి సిగ్గు లేదు. అతడే భార్యకు జ్వరమొస్తే వీధి తలుపు మూసి అన్నం వారుస్తాడు. గరిటె రెండుచోట్లా ఒకటే. ఇంట్లో దానికి కూలి లేదు. పొలంలో ఉడుపులు ఆడకూలీల పని, అందుకే దాని వెల తక్కువ. 1976లో సమాన వేతన చట్టం వచ్చినా, ఆడపని, మగపని అన్న విభజన చాటున ఆ తేడా బతికింది. కాబట్టి మగవాడు భయపడేది స్త్రీత్వానికి కాదు, స్త్రీకి సమాజమిచ్చిన స్థానానికి. ఆ స్థానం అవమానకరమని అతడికి తెలుసు. అందులో భార్యనూ, కూతుర్నీ ఉంచడానికి మాత్రం అభ్యంతరం లేదు!

రచయితలు ఇది గుర్తించాలి. శత్రువుకు గాజులు తొడిగే కవి, తన పక్షాన నిలిచిన స్త్రీని అవమానిస్తున్నాడు. 1940లో మందస రైతు పోరాటంలో పోలీసు కాల్పులకు బలైన వీరగున్నమ్మవి గాజుల చేతులే. పిరికితనాన్ని పిరికితనమనే అందాం. కథల్లో మగవాణ్ణి ఏడవనిద్దాం, వండనిద్దాం, బిడ్డను జోకొట్టనిద్దాం - హాస్యపాత్రగా కాదు, మనిషిగా.