ఆదవాని మగ్గము, దాని మాటలు

జానపదశిల్పముల ప్రదర్శనశాలలయందు మగ్గమునకు చోటు సులభముగ దొరకును. మగ్గపు మాటలకు దొరకుట యరుదు.

పోర్చుగల్లు రాజధానియగు లిస్బన్ నగరమున 1948లో నొక జానపదకళాప్రదర్శనశాల తెఱవబడెను. 1940 నాటి మహాప్రదర్శనమునకై కట్టిన భవనముననే, ఆ దేశపు సీమల ననుసరించి గదులేర్పఱచి, ఏ సీమ పనితనమును ఆ గదియందే యుంచిరి. ఈ పద్ధతి మేలైనది. కర్నూలుజిల్లా పడమటి భాగమునకు దీని నన్వయించినచో వస్తువులకు కొదవ యుండదు. ఆదవాని నూలుజంపఖానాలు పేరొందినవి. ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు 1938లో నేతవారి సహకారసంఘమును స్థాపించిరి. చిక్కంతయు మాటలతోనే.

ఈ సీమ 1953 అక్టోబరు 1వ తేదీవఱకు బళ్లారిజిల్లాలోనిది. తెలుగు, కన్నడము లిచ్చట కలసి మెలగును. తెలుగున నిడివినూలు పడుగు, అడ్డునూలు పేక. కన్నడమున నీ జంటకు 'హాసుహొక్కు' అని పేరు; హాసు పఱచినది, హొక్కు చొచ్చినది. సంస్కృతమున 'ఓతప్రోతము' కలదు. నేయుట యను నర్థముగల వేఞ్ ధాతువునకు క్తప్రత్యయము చేరగా, సంప్రసారణమువలన 'ఉత' యగును. ఆఙ్, ప్ర యను నుపసర్గములతో నదియే ఓతము, ప్రోతము. బృహదారణ్యకమున గార్గి యాజ్ఞవల్క్యుని నడిగిన మహాప్రశ్నములు నేతవాని యీ మాటలతోడనే నడచినవి. మూడు భాషలవారును విడదీయరాని కలయికకు మగ్గమునుండియే యుపమానమును గైకొనిరి. చిత్రమేమనగా, 'ఆసులో కండెవలె తిరుగుచున్నాడు' అను వారిలో ఆసును చూపగలవా రెందఱు?

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1971లో వెలువడిన మాండలికవృత్తిపదకోశపు రెండవ సంపుటము చేనేతపదములకే ప్రత్యేకింపబడినది. అది గొప్ప యుపకారము. అయినను కోశమును చదువువాని యెదుట మగ్గముండదు. ప్రదర్శనశాలలో మగ్గమును చూచువానికి, పలకపై 'చేనేతమగ్గము' అను నొక్కమాట తప్ప వేఱొకటి దొరకదు.

కావున గుంటమగ్గము నొకదానిని ప్రదర్శనశాలకు తెచ్చునపుడు, దానిపై నేసినవానినిగూడ పిలువవలెను. అచ్చునకు, నాడెకు, గుంటలో కాలితో త్రొక్కు చెక్కలకు అతడేమి పేరు చెప్పునో, అతని నోట వచ్చినట్లే వ్రాసికొనవలెను. అతడు కన్నడపుమాట చెప్పినచో దానిని దిద్ది తెలుగుమాట నుంచరాదు. ఇట్లు దిద్దు నలవాటు పండితులకు మెండు.