ఎల్ల దాటి రాత్రి బస్సులో

మా యత్తగారి కుడికంటి శుక్లము ముదిరినదని వైద్యులు చెప్పగా, శస్త్రచికిత్సకై వారిని హైదరాబాదులోని మా మరిదిగారి యింటికి తీసికొని పోవలసివచ్చెను. మా వారు చింతూరు ప్రాంతమున నుపాధ్యాయులు. అవి పరీక్షల దినము లగుటచే వారికి సెలవు దొరకలేదు. కావున అత్తాకోడండ్రము మేమిద్దరమే బయలుదేరితిమి. దూరప్రయాణము, రాత్రివేళ, తోడు మగదిక్కు లేదు. పైగా నడుమ నొక రాష్ట్రపు టెల్ల. ఇట్టి ప్రయాణము మావంటి గృహిణులకు నేడో రేపో తప్పదు గనుక, మేము చూచినదియు నేర్చినదియు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

చింతూరు ఆంధ్రప్రదేశమున నున్నది. అచ్చటినుండి ఒకవైపు పోయినచో శబరీ తీరమున ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు కుంట తగులును. శబరియు సీలేరును కలియుచోట ఒడిశా రాష్ట్రపు మోటు కలదు. రెండవవైపు అడవిదారిని పోయినచో తెలంగాణములోని భద్రాచలము వచ్చును. కొలది గంటలలో నాలుగు రాష్ట్రముల నేలను త్రొక్కదగిన ప్రదేశమిది.

మధ్యాహ్నపు బస్సెక్కితిమి. అది తెలంగాణ రాష్ట్రపు బస్సు. దారికిరువైపుల ఇప్పచెట్లు పూలు రాల్చుచుండెను. కోయ స్త్రీలు గంపలలో నాపూల నెత్తుకొని యిండ్లకు పోవుచుండిరి. బస్సులో మిరపకోతలకు ఖమ్మము వైపు పోవు కూలిజనము నిండియుండిరి. మా ప్రక్కన బూర్గంపహాడు నుండి వచ్చి, కూతును చూచి మరలిపోవుచున్న యొక పెద్దావిడ కూర్చుండెను. కండక్టరు వచ్చి ఆమె ఆధారు కార్డు చూచి, ఎల్లవరకు రూకలు తీసికొని, అటనుండి ముందునకు సున్నా టిక్కె టిచ్చెను. మాయొద్ద మాత్రము మొత్తము ఛార్జీ తీసికొనెను.

అత్తగారికిది వింతగా తోచెను. "నేను పుట్టింది కూడా బూర్గంపహాడులోనేనయ్యా!" అనిరి.

"పుట్టిన ఊరు కాదమ్మా, కార్డు మీది ఊరు చూడాలి మేము" అని యతడు నవ్వుచు జవాబు చెప్పెను.

అతని మాటలో తప్పు లేదు. తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరు 9వ తేదీన ఆరంభించిన మహాలక్ష్మి పథకము ప్రకారము, ఆ రాష్ట్రపు స్త్రీలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రపు టెల్లవరకు ఉచితముగా పోవచ్చును. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును 2025 ఆగస్టు 15వ తేదీన స్త్రీశక్తి యను పేర నిట్టి యుపకారమే తన రాష్ట్రపు స్త్రీలకు చేసినది. కాని అంతర్రాష్ట్ర సర్వీసులను అందు చేర్చలేదు. రెండును మంచి పథకములే. రెండును ఎల్లయొద్ద నాగిపోవును. ఒకే బల్లపై కూర్చున్న యిరువురు స్త్రీలకు రెండు న్యాయములు ఏర్పడుట కిదియే కారణము.

అంతట అత్తగారు తమ తల్లిగారి కాలపు సంగతి చెప్పిరి. అప్పుడు బూర్గంపహాడున్న యొడ్డు నిజాము రాజ్యము. భద్రాచలమున్న యొడ్డు ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలోనిది. నడుమ గోదావరియే యెల్ల. రామదర్శనమునకు పడవ దాటిపోవు స్త్రీలు కొంగున రెండు ముడులు వేసికొనువారట: ఒకదానిలో నిజాముగారి హాలీ సిక్కాలు, రెండవదానిలో ఇంగ్లీషు నాణెములు. నూరు ఇంగ్లీషు రూపాయలకు నూటపదునారు పైచిలుకు హాలీ రూపాయ లగుచుండెను. సరకు దాటించినచో కరోడ్‌గిరి యను సుంకపు బాధ యుండనే యుండెను.

1948లో నిజాము పాలన ముగిసినది. 1956లో రెండు ప్రాంతములు నొక్క రాష్ట్రమైనవి. అంతవరకు తూర్పుగోదావరి జిల్లాలో నున్న భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలో చేర్చబడినది. 1965లో గోదావరిపై వంతెన వచ్చినది. ఇంక నీ ప్రాంతమున ఎల్ల యనునది లేదని జనులు తలచిరి. కాని 2014లో రాష్ట్రము రెండైనప్పుడు, పోలవరము ఆనకట్ట ముంపునకు లోనగునవని చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములను, బూర్గంపహాడు మండలములోని కొన్ని గ్రామములను, భద్రాచలపు పట్టణము దక్క ఆ మండలములోని తక్కిన యూళ్లను ఆంధ్రప్రదేశమున కలిపిరి. నాటినుండి భద్రాచలమునకు ఒకవైపు గోదావరి, తక్కిన వైపుల పొరుగు రాష్ట్రము. రామాలయపు భూములు పురుషోత్తపట్నమున నున్నవి, అది ఆంధ్రము. భద్రాచలమునుండి పర్ణశాలకు పోవు యాత్రికుడు తెలంగాణము విడిచి, ఆంధ్రపు గ్రామములు దాటి, మరల తెలంగాణమున ప్రవేశింపవలయును.

ఇట్లు చెప్పుకొనుచుండగనే ఎటపాక వచ్చినది. నది లేదు, కొండ లేదు, ద్వారము లేదు. దారిప్రక్కన నొక పలక మాత్రము కలదు. దానిని దాటితిమి. మా ప్రక్కనున్న యావిడ, "ఇక్కడి నుంచి నేను రాణిని" అని నవ్వెను. మేమును నవ్వితిమి. కాని వెనుక బల్లపై నిండుచూలాలైన యొక కోయయువతి, భద్రాచలపు ప్రభుత్వాసుపత్రికి పోవుచు, కొంగుముడి విప్పి మిగిలిన చిల్లర లెక్కించుకొనుచుండెను. ఆమెది చింతూరు మండలమే. ఆంధ్రము, ఛత్తీస్‌గఢ్, ఒడిశాలలోని యడవిపల్లెల స్త్రీలు సైతము పురిటికి ఆ యాసుపత్రినే నమ్ముకొని వచ్చుచుందురు. నొప్పులకు ఎల్ల తెలియునా?

2020లో కరోనా వ్యాధి వ్యాపించి రాకపోకలు నిలిచినపుడు, మిరపకోతలకు వచ్చిన కూలీలు అనేకులు అడవిదారుల వెంట కాలినడకను ఎల్ల దాటిరి. ఇండ్లకు చేరకమున్నే ప్రాణములు విడిచినవారును కలరు. రెండు రాష్ట్రముల బస్సులు మరల ఎల్ల దాటుటకు ఆ యేటి నవంబరు వరకు పట్టెను. బస్సు తిరుగుట యెంత భాగ్యమో ఆనాడు తెలిసినది.

భద్రాచలము బస్సు స్టేషనులో శ్రీరామనవమికి వచ్చువారి సందడి అప్పుడే మొదలైనది. కోరుకొండ ప్రాంతపు భక్తులు వడ్లను గోళ్లతో నొలిచి సిద్ధము చేసిన తలంబ్రాలు ఏటేట ఎల్ల దాటి యీ కల్యాణమునకు వచ్చును. వానికి టిక్కెట్టు అడుగువారు లేరు గదా యని అత్తగారు పరిహాసమాడిరి.

రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాదు బస్సు కదలినది. అది సూపర్ లగ్జరీ బస్సు. అందు ఉచితము ఎవ్వరికిని లేదు గనుక అందరమును సమానులమే. వంతెన దాటి, పాల్వంచ, కొత్తగూడెము, ఖమ్మము మీదుగా సాగినది. కొత్తగూడెము నందలి రైలు స్టేషనునకు భద్రాచలం రోడ్డను పేరుండుటచే, రైలు దిగినంతనే రాముని గుడి యని భ్రమపడు యాత్రికులు నేటికిని కలరు. అచ్చటినుండి భద్రాచలము సుమారు 40 కిలోమీటర్లు.

ఖమ్మము దాటిన పిమ్మట నడిరేయి టీ కొరకు బస్సు నిలిచినది. మేము కునికితిమి. కన్ను తెరచునప్పటికి అత్తగారు లేరు! గుండె జల్లుమనెను. దిగిచూడగా ఒకే రంగు బస్సులు మూడు నిలిచియున్నవి. మసకకంటితో వారు మరియొక బస్సు మెట్టెక్కబోవుచుండగా, మా బస్సులోని యొక విద్యార్థిని గుర్తించి చేయిపట్టి తీసికొని వచ్చెను. కూనవరపు పిల్ల, నగరమున నర్సు చదువు చదువుచున్నదట. "మామ్మగారూ, దిగేముందు నన్ను లేపితే సరిపోయేదిగా" అని మందలించెను. ఆ పిల్ల మా పాలిటి దేవత.

ఈ యనుభవమున నేర్చినవి కొన్ని. అసలు గుర్తింపు కార్డు చేతిసంచిలోనే యుంచుకొనవలయును. సీటు ముందుగా నిర్ణయించుకొని, వృద్ధులను కిటికీవైపు కూర్చుండబెట్టి మనము దారివైపు కూర్చుండవలయును. బస్సు సంఖ్యను కాగితముపై వ్రాసి వారి చేతి కీయవలయును. దిగునప్పుడు కండక్టరునకో డ్రైవరునకో చెప్పి దిగవలయును. రాత్రికి పెరుగన్నము వంటి తేలిక యాహారము మేలు. కష్టము కలిగినచో 112, స్త్రీల సహాయమునకు 181 అను సంఖ్యలు ఈ రెండు రాష్ట్రములందును పనిచేయును. చికిత్సకు పోవువారు, పొరుగు రాష్ట్రపు ఆరోగ్యకార్డు అచ్చట చెల్లునో లేదో ముందే ఫోనులో నడిగి తెలిసికొనవలయును.

తెల్లవారుజామున నగరము చేరితిమి. చికిత్స సుఖముగా ముగిసినది. పదునైదు దినములకు మరలి వచ్చునపుడు ఎటపాకయొద్ద అత్తగారు పలకను తామే స్పష్టముగా చదివి, "ఇంత చిన్న పలకకా ఇంత గొడవ!" అనిరి.

ఎల్లలు వలదని మేము చెప్పుటలేదు. రాష్ట్రములకు అవి కావలసినవే. కాని పుట్టినిల్లొక రాష్ట్రమున, మెట్టినిల్లొక రాష్ట్రమున నున్న స్త్రీలీ సీమలో వేలు కలరు. భద్రాచలమునకు వచ్చిపోవు బస్సులలో నైనను, ఎల్లప్రక్క మండలముల స్త్రీల కార్డులను రెండు ప్రభుత్వములును పరస్పరము మన్నించినచో, ఆ నిండుచూలాలు చిల్లర లెక్కించుకొనవలసిన పని యుండదు. సోదరీమణులు తమతమ మహిళాసంఘముల ద్వారా ఈ కోరికను పెద్దల చెవిని వేయుదురుగాక.