గుత్తి నీలమణి

అనంతపురం జిల్లా గుత్తి అనగానే మనకు కొండమీది కోట స్ఫురిస్తుంది. రైలు ప్రయాణికులకు జంక్షన్ జ్ఞాపకం వస్తుంది. ఐరోపా, అమెరికా దేశాలలో ఈ ఊరి పేరు విన్నవారిలో చాలామంది ఈ రెండింటినీ ఎరుగరు. వారు 'గూటీ సఫైర్' అని పిలిచేది ఒక సాలెపురుగును. సఫైర్ అంటే నీలమణి. ఆ సాలెపురుగును గాజుపెట్టెలో ఉంచి, మేత వేసి, ముచ్చటగా పెంచుకొంటారు.

ఇది టరాంటులాలనే పెద్ద సాలెపురుగుల కుటుంబానికి చెందినది. 1899లో బ్రిటిష్ ప్రాణిశాస్త్రవేత్త ఆర్.ఐ. పోకాక్ దీనికి 'పీసిలోథీరియా మెటాలికా' అని శాస్త్రనామం పెట్టాడు. అది దొరికిన చోటు గుత్తిలోని రైల్వే కలప అడితి. చెట్టుతొర్రలలో జీవించే ఈ ప్రాణికి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ రాళ్ళగుట్టల సీమ పుట్టినిల్లు కావడం సందేహాస్పదమే. కలపతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. ఆ తరువాత 102 సంవత్సరాలు అది ఎవరి కంటా పడలేదు. 2001లో గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరాన, నంద్యాల, గిద్దలూరుల నడుమ ఉన్న అడవిలో మళ్ళీ కనిపించింది.

శ్రీకాళహస్తి స్థలపురాణంలోని సాలీడు తన దారాలతో శివునికి గుడి కట్టింది. ధూర్జటి వంటి మహాకవి వర్ణించిన ఆ సాలీడు నేతగాడైతే, మన గుత్తి సాలీడు వేటగాడు. తొర్రలో పట్టుదారాలు పరచుకొంటుందే గాని, ఎర కోసం వల పన్నదు. చీకటి పడిన తరువాత తొర్ర వాకిట కదలక మెదలక నిలిచి, కాళ్ళమీది నూగుతో కంపనాలను పసిగట్టి, దాపునకు వచ్చిన పురుగుపై మెరుపువలె దూకుతుంది. ఘనాహారాన్ని అది మింగలేదు. కోరలతో విషం ఎక్కించి, జీర్ణరసాలు వదలి, ఎరను ద్రవంగా మార్చుకొని పీలుస్తుంది. మన కడుపులో జరిగే పని దానికి నోటి వెలుపలనే మొదలవుతుందన్నమాట!

పెంపకందారులు దానికి కీచురాళ్ళు, బొద్దింకలు వేస్తారు. ఎర సాలెపురుగు ఉదరం కన్న పెద్దది కాకూడదని వారి లెక్క. పిల్లలకు చిన్న చిన్న ఈగలు తరచుగా అందించాలి. పెద్దవాటికి వారం పది రోజులకు ఒకసారి మేత చాలు. నీటి గిన్నె మాత్రం ఎప్పుడూ ఉండాలి. అతిమేత మేలు చేయదు. ఉబ్బిన ఉదరంతో ఎత్తునుండి పడితే అది పగిలి ప్రాణం పోవచ్చు. ఒక్కొక్కప్పుడు వారాల తరబడి మేత ముట్టదు. అది సాధారణంగా రోగం కాదు, కుబుసం విడవబోతున్నదనడానికి గుర్తు. ఆ సమయంలో పెట్టెలో కీచురాయి మిగిలి ఉంటే వేటకూ వేటగానికీ స్థానాలు తారుమారవుతాయి. మెత్తబడిన ఒంటిని కీచురాయి కొరికి చంపగలదు. అందుచేత తినగా మిగిలిన మేతను మరునాడే తీసివేస్తారు. కొత్త కోరలు గట్టిపడేవరకు కొన్ని రోజులు పస్తు ఉంచుతారు. దానిని చేతిలోకి తీసుకోవడం మాత్రం అవివేకం. కాటు తీవ్రమైన నొప్పిని, కండరాల పట్టివేతను కలిగిస్తుంది.

ఇంత శ్రద్ధగా చూస్తే ఆడది పదేళ్ళకు పైగా జీవిస్తుంది. మగదాని ఆయువు మూడు నాలుగేళ్ళే. పెట్టెలలోనే పిల్లలూ పుడుతున్నాయి. అడవిలోని పరిస్థితి వేరు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల వర్గంలో చేర్చింది. అప్పటికి తెలిసిన దాని నివాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. వంటచెరకు కోసం, కలప కోసం చెట్లు నరకడం ఒక కారణం. అమ్మకానికై పట్టుకొనిపోవడం మరొకటి. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. ఆ ఒప్పందపు జాబితాలలోని జీవులకు 2022 సవరణ ద్వారా మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ స్థానం కల్పించారు.

పెట్టెలోని సాలీడుకు కీచురాయిని కొని తేవచ్చు. అడవిలోని దానికి ఎవరూ మేత వేయనక్కరలేదు. పురుగులు తమంత తామే వస్తాయి. దానికి కావలసినది తొర్ర పట్టేంతగా ముదిరిన చెట్టు. చెట్టు అంతగా ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. కలప కోసం వచ్చినవాడి గొడ్డలి ముందుగా వెతికేదీ ఆ చెట్టునే.