గాలి లెక్క

కాసిపేట గనులలో త్రవ్విన బొగ్గును కుప్పపోసి నిలువ చేయవచ్చును. గాలిని అట్లు నిలువ చేయలేము. రాయలసీమ కొండలపై గాలిమరలు విద్యుత్తును పుట్టించుచున్నవి. 2013 చివరి నుండి దేశమంతటి విద్యుత్తీగలు ఒకే అల్లికగా కలిసియున్నవి. కావున రేపు ఏ వేళ ఎంత గాలి వీచునో ముందుగా తెలిసిననే, తక్కిన విద్యుత్తును రామగుండము వంటి బొగ్గు కేంద్రములు సిద్ధము చేయగలవు.

ఆ లెక్క యెట్లు కట్టుదురు? శాస్త్రజ్ఞులు భూమినంతటిని గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క గాలివేగమును గణింతురు. గడి 12 కిలోమీటర్లదైనచో అందలి కొండయు లోయయు సగటులో కలిసి చదునగును. పెద్ద కన్నుల వలలో చిన్న చేప నిలువదు గదా! 2025 మే 26న ప్రారంభమైన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ ఆ గడిని 6 కిలోమీటర్లకు తగ్గించినది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ దానిని రూపొందించినది.

ఇంత శ్రమ యేల? గాలిలోని శక్తి వేగము యొక్క ఘనమును బట్టి పెరుగును. సెకనుకు 5 మీటర్ల వేగము 6 మీటర్లైనచో, 125 పాళ్ళ శక్తి 216 పాళ్ళగును. వేగములో కొద్ది తప్పు విద్యుత్తులో పెద్ద తప్పగును.

గడి కొలతను సగము చేసినచో గళ్ళు నాలుగింతలగును. కాలమును గూడ సగము సగముగా విడదీసి లెక్కింపవలెను. కావున శ్రమ సుమారు ఎనిమిదింతలు. అయినను 6 కిలోమీటర్ల గడిలోను చిన్న గుట్ట దాగియుండును. అందుచేత గాలిమరల చెంత కొలిచిన వేగముతో ఆ లెక్కను సరిచూచుకొనవలెను.

బాలలారా! ఈ లెక్క తప్పిన నాడు బొగ్గైనను వృథాగా మండును, లేదా దీపములైనను ఆరును.