రోబో గోడ దగ్గర ఆగకపోతే

ఈమధ్య ఏ శాఖకు ఆడిట్ మీద వెళ్లినా భోజన విరామంలో ఒక ప్రశ్న తప్పడం లేదు. "మావాడు ఆరో తరగతి సార్, కోడింగ్‌లో చేర్పించమంటారా?" అడిగేవారి దగ్గర ఒక రంగుల కరపత్రం ఉంటుంది. ఫీజు వేలల్లో ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో నెలవారీ వాయిదాల సదుపాయం. రుణాల విభాగంలో పనిచేసినవాణ్ని కాబట్టి ముందు ఆ చిన్న అక్షరాలే చదువుతాను. ఫీజు వాయిదాలని మనం అనుకునేది చాలాసార్లు ఏదో ఫైనాన్స్ కంపెనీ మన పేరున ఇచ్చే రుణం. పిల్లవాడు మధ్యలో మానేసినా ఈఎంఐ దానంతటది ఆగదు. ఖాతాదారులకు నిబంధనలు చదివి వినిపించే మనం, పిల్లల చదువనేసరికి చూడకుండా సంతకం పెట్టేస్తాం!

అసలు బడిలోనే ఏముందో ముందు కనుక్కోవాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దశలో కోడింగ్ కృత్యాలు ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. అంతకుముందే, 2016లో నీతి ఆయోగ్ ప్రారంభించిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటుతో టింకరింగ్ ల్యాబ్‌లు వచ్చాయి. 2025 బడ్జెట్‌లో ప్రభుత్వ పాఠశాలలకు ఐదేళ్లలో మరో 50,000 ప్రకటించారు. కేరళ అయితే పదో తరగతి ఐసీటీ పుస్తకంలోనే రోబోటిక్స్ పెట్టింది.

ఆర్థిక అక్షరాస్యత శిబిరానికి వెళ్లినప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో ఇలాంటి ల్యాబ్‌లో ఒక పీరియడ్ కూర్చున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు చిన్న బండి తయారుచేశారు. ఎదురుగా గోడ వస్తే 20 సెంటీమీటర్ల దూరంలో అది ఆగాలి. బండి ముందు రెండు కళ్లలాంటి సెన్సర్ ఉంటుంది. ఒక కన్ను మన చెవికి వినపడని శబ్దాన్ని పంపుతుంది, రెండోది గోడకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. గబ్బిలం చేసేదీ ఇదే. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది కాబట్టి, పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టవచ్చు.

బండి 20 దగ్గర ఆగలేదు. 10 దాకా వెళ్లి ఆగింది. మాస్టారు తప్పు చెప్పలేదు, స్కేలు చేతికిచ్చారు. బండిని 40 దగ్గర పెడితే తెర మీద 80 చూపించింది. 30 దగ్గర పెడితే 60. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అమ్మాయి, "శబ్దం వెళ్లి రావాలి కదా సార్, రెండుసార్ల దూరం లెక్కేశాం" అంది. రెండుతో భాగించే ఒక్క గీత కోడ్‌లో చేర్చారు. అప్పటికీ బండి కాస్త ముందుకు జారే ఆగింది. అది చక్రాల వేగం సంగతి, మరో పీరియడ్‌కు వాయిదా వేశారు.

సంధ్యాపాఠంలా వల్లించిన దూరం, కాలం, వేగం సూత్రం ఆ పిల్లలకు అక్కడ పనికొచ్చింది. పిల్లల కోసం 1967లో లోగో భాషను రూపొందించినవారిలో ఒకరైన సేమూర్ పాపర్ట్ ఈ మాటే చెబుతూ వచ్చారు: ప్రోగ్రాంలో తప్పు రావడం మార్కులు పోవడం కాదు, వెతికి సరిచేయాల్సిన పని. కిట్టు బిగించి వార్షికోత్సవంలో ఆడించే రోబోతో ఇది రాదు. విప్పడానికి వీల్లేని బొమ్మ ఎంత ఖరీదైనా బొమ్మే.

ఇద్దరేసి పిల్లలకు ఒక కిట్టు ఉంటే చాలు. ఒకరు రాస్తారు, ఒకరు సరిచూస్తారు. మన మేకర్, చెకర్ పద్ధతే అనుకోండి. అయితే పాత్రలు మారుతూ ఉండాలి. మగపిల్లవాడి చేతికి స్క్రూడ్రైవరు, ఆడపిల్ల చేతికి రికార్డు పుస్తకం ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఇంకా పోలేదు.

ఇంట్లో మొదలుపెట్టాలంటే ఎంఐటీ వారి స్క్రాచ్ ఉచితం. బోర్డు కొనకుండానే సర్క్యూట్లు పరీక్షించుకునే టింకర్‌క్యాడ్ కూడా ఉచితమే. కంప్యూటరు భాష రాని తల్లిదండ్రులు సైతం పక్కన కూర్చుని అడగగలిగిన ప్రశ్నలు రెండున్నాయి: "ఎక్కడ ఆగిపోయింది? ఎందుకని అనుకుంటున్నావు?" సర్టిఫికెట్ చూపించే పిల్లవాడు దీనికి జవాబు చెప్పలేకపోతే ఫీజు సంగతి మళ్లీ ఆలోచించుకోవచ్చు.

బదిలీ మీద కొత్త ఊరు వెళ్లే మన కుటుంబాలు బడి చూడటానికి వెళ్లినప్పుడు ల్యాబ్ ఉందా అని మాత్రమే అడగకండి. దాని తాళం వారానికి ఎన్నిసార్లు తీస్తారో, ఏయే తరగతులకు తీస్తారో అడగండి. వీలైతే ఒక పీరియడ్ చూసి రండి.